ఇంటి దగ్గర చదివే చదువుకూ సాయం కావాలి

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అనే లెక్కలు ఈ నివేదికలో ముందు పేజీల్లో ఉన్నాయి. వాటిని మళ్ళీ చదవం. మాకు అరగంట ఇచ్చారు. ఆ అరగంటలో ముందు మేము చేసిన ఒక తప్పు ఒప్పుకుంటాం. ఆ తప్పు వల్ల ఏం నేర్చుకున్నామో చెబుతాం. చివర్లో ఒక తీర్మానం మీ ముందు పెడతాం. బాగుందనుకుంటే చేతులెత్తండి, బాగాలేదనుకుంటే లేచి అడగండి.

విషయం ఏమిటంటే, కాలేజీకి రోజూ వెళ్ళలేని ఆడపిల్లలు, పెళ్ళయినవాళ్ళు, పనికి పోయేవాళ్ళు ఇంటి దగ్గర ఉండి చదివే డిగ్రీలు. దూరవిద్య అంటాం, ఓపెన్ డిగ్రీ అంటాం, ఇప్పుడు ఆన్‌లైన్ డిగ్రీ అని కూడా అంటున్నారు. వీటికి ప్రభుత్వం ఫీజు ఇస్తుందా, ఇవ్వదా? ఇస్తే ఎవరికి? ఇవ్వకపోతే మనం ఏం చేయాలి?

ముందు మా తప్పు

మన ఒక గ్రామ సంఘంలో ఒక అక్క ఉంది. పేరు చెప్పం, ఊరు చెప్పం. ఆ అక్క ఇక్కడే కూర్చుని ఉంది, చెప్పండి పర్లేదు అని మాకు అనుమతి ఇచ్చింది. ఆమెకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి ఇంటరు మంచి మార్కులతో పాసయ్యాక పెళ్ళి చేశారు. ఏడాది తిరిగేసరికి ఒడిలో బిడ్డ. ఆ పిల్లకి చదువు మీద ఆశ చావలేదు. "అమ్మా, ఇంట్లో ఉండి కూడా డిగ్రీ చదవొచ్చంట" అని తల్లికి చెప్పింది.

పట్నంలో ఒక ఆఫీసు ఉంది. బయట పెద్ద బోర్డు, లోపల రెండు కుర్చీలు. అక్కడి మనిషి చెప్పిన మాట ఇది: "ఆన్‌లైన్ డిగ్రీ. ఇంట్లో కూర్చుని చదవొచ్చు. ముందు ఫీజు మీరు కట్టండి, ఆరు నెలల్లో ఫీజు రీయింబర్స్ వచ్చేస్తుంది."

ఆ అక్క సంఘంలో 25,000 రూపాయలు అప్పు అడిగింది. మేము మీటింగులో కూర్చున్నాం. చదువుకంటే ఎవరు కాదంటారు? "ఫీజు రీయింబర్స్ రాగానే కట్టేస్తుంది" అని మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాం. అది ఏ కోర్సు, ఏ యూనివర్సిటీ, ఫీజు రీయింబర్స్ దానికి వర్తిస్తుందా అని ఒక్కరం కూడా అడగలేదు. గేదె కొనడానికి అప్పు అడిగితే ఎన్నో ఈత, ఎన్ని లీటర్లు పాలు, ఇన్సూరెన్సు ఉందా అని వంద ప్రశ్నలు అడుగుతాం. పిల్ల చదువుకి ఒక్క ప్రశ్న అడగలేదు. మా తప్పు అది.

ఆరు నెలలు దాటాయి. డబ్బు రాలేదు. సచివాలయానికి వెళ్ళి అడిగితే ఆ పిల్ల పేరే లిస్టులో లేదన్నారు. దూరవిద్య వాళ్ళకి ఈ పథకం వర్తించదని అప్పుడు తెలిసింది. ఇంకా అడిగితే అసలు విషయం బయటపడింది. ఆ పిల్లకి యూనివర్సిటీలో ఎన్‌రోల్‌మెంట్ నంబరే లేదు. కట్టిన డబ్బు ఆ రెండు కుర్చీల ఆఫీసు దాటి వెళ్ళలేదు. పైగా పదో తరగతి, ఇంటరు ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

ఆరుగురం ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. తలుపుకి తాళం. బోర్డు మీద ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే వస్తున్నానంటాడు, రాడు. మధ్యాహ్నం దాకా ఆ మెట్ల మీదే కూర్చున్నాం. తెచ్చుకున్న అన్నం అక్కడే తిన్నాం. కింద కొట్టు వాళ్ళు, పక్క ఇంటి వాళ్ళు పోగయ్యారు. అప్పుడు వచ్చాడు. సర్టిఫికెట్లు ఇచ్చాడు. డబ్బు సగం ఇస్తానని చెప్పి, అందులో సగం ఇచ్చాడు.

ఆ అక్క మాత్రం సంఘం అప్పు నెలనెలా 1,250 రూపాయలు అసలు, పైన వడ్డీ, ఒక్క వాయిదా తప్పకుండా ఇరవై నెలలు కట్టింది. పాలు అమ్మి కట్టింది, మినుము కోతకి పోయి కట్టింది. చివరి వాయిదా ఈ ఉగాదికి ముందు కట్టింది. ఆ రోజు ఆమె మీటింగులో ఒక మాటంది: "అప్పు తీరింది. మీరు ఆ రోజు ఒక్క మాట అడిగుంటే బాగుండేది." మేము తలలు వంచుకున్నాం. ఈ ప్రసంగం ఆ మాటకి జవాబు.

ఫీజు రీయింబర్స్ ఎవరికి?

ఆ తర్వాత ఉపసంఘం కూర్చుని తెలిసినవాళ్ళని అడిగి, కాగితాలు చదివి కొంత తెలుసుకుంది.

మన రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటు 2008లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌గా ఉన్నప్పుడు మొదలైంది. దానివల్ల మన ఇళ్ళల్లో ఎందరో పిల్లలు ఇంజినీరింగు, డిగ్రీ చదివారు. కాదనలేం. కూలి చేసుకునే ఇంటినుంచి ఆడపిల్ల బస్సెక్కి కాలేజీకి పోయిందంటే అందులో ఈ పథకం పాత్ర ఉంది. 2020లో ఇది విద్యా దీవెన, వసతి దీవెన అనే పేర్లతో నడిచింది. అప్పటి నిబంధనలు మీలో చాలామందికి నోటికి వచ్చు: కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు, మాగాణి పదెకరాలు, మెట్ట పాతికెకరాల లోపు ఉండాలి, విద్యార్థికి 75 శాతం హాజరు ఉండాలి. వసతి దీవెన కింద ఐటీఐ పిల్లలకి 10,000, పాలిటెక్నిక్ పిల్లలకి 15,000, డిగ్రీ ఆపైన చదివేవాళ్ళకి 20,000 రూపాయలు ఏడాదికి రెండు విడతల్లో అన్నారు.

ఈ నిబంధనల్లోనే ఇంకో వాక్యం ఉంది. కరస్పాండెన్సు కోర్సులు, దూరవిద్య చదివేవాళ్ళు అర్హులు కారు అని. మనం ఆ వాక్యం చదవలేదు. తర్వాత పథకాల పేర్లు మారాయి. ఒకప్పుడు డబ్బు తల్లి ఖాతాలో పడేది, ఇంకొకప్పుడు కాలేజీ ఖాతాలో పడేది. రోజూ క్లాసుకి వెళ్ళి హాజరు వేయించుకునేవాళ్ళకే సాయం అనే మూలం మాత్రం అలాగే ఉంది.

కాబట్టి అక్కలారా, ఎవరైనా వచ్చి "ఆన్‌లైన్ డిగ్రీకి ఫీజు రీయింబర్స్ ఇప్పిస్తాం" అంటే ఆ మాట నమ్మవద్దు. అప్పు కాగితంలో ఆ మాట రాయవద్దు.

ఇంటి దగ్గర చదువు చిన్న చదువేం కాదు

ఇది విని కొందరు "అయితే ఆ చదువే దండగ" అనుకోవచ్చు. అది కూడా పొరపాటే.

దేశం మొత్తంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది మన తెలుగు నేల మీదే. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దానికి మొదటి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, పెట్టినప్పుడు దానికీ మొదటి ఉపకులపతి ఆయనే. మన దగ్గర నేర్చిన పని దేశానికి పనికొచ్చిందన్నమాట. ఆంధ్ర విశ్వకలాపరిషత్తు అంతకన్నా ముందే, 1972లో, విశాఖపట్నంలో కరస్పాండెన్సు కోర్సులు మొదలుపెట్టింది. ఇవన్నీ ఎవరి కోసం? ఉద్యోగం చేసుకునే గుమాస్తా కోసం, పొలం వదిలి రాలేని రైతు బిడ్డ కోసం, పెళ్ళయి గడప దాటలేని ఆడపిల్ల కోసం.

యూజీసీ గుర్తింపు ఉన్న యూనివర్సిటీ, అనుమతి ఉన్న కోర్సు అయితే దూరవిద్య డిగ్రీకీ, ఆన్‌లైన్ డిగ్రీకీ రెగ్యులర్ డిగ్రీతో సమానమైన విలువ ఉందని 2020లో యూజీసీ నిబంధనలు చేసింది. 2022లో అదే మాట మళ్ళీ స్పష్టంగా ప్రకటించింది. అంటే ఆ పిల్ల పట్టా తీసుకుని డిగ్రీ అడిగే ఉద్యోగ పరీక్షకి కట్టుకోవచ్చు.

చూశారా ఇక్కడున్న మెలిక? పట్టా విలువ సమానం. సాయం మాత్రం సమానం కాదు.

ఎందుకు ఇవ్వరు?

మేము ఒక రిటైరైన లెక్చరర్ గారిని ఈ మాటే అడిగాం. ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది, మీకూ చెప్పాలి. ఫీజు రీయింబర్స్ పద్ధతంతా హాజరు మీద కట్టారు. పిల్లవాడు కాలేజీలో చేరాడా, రోజూ వస్తున్నాడా, కాలేజీ నిజంగా పాఠం చెబుతోందా అని చూసుకోవడానికి ప్రభుత్వం దగ్గరున్న కొలత 75 శాతం హాజరు. దూరవిద్యలో రోజూ హాజరు ఉండదు. కొలత లేనిచోట డబ్బు పోస్తే, లేని విద్యార్థుల పేర్ల మీద బిల్లులు పెట్టేవాళ్ళు పుట్టుకొస్తారు. మన అక్కని మోసం చేసిన ఆఫీసులాంటివి ఊరికొకటి లేస్తాయి.

ఈ భయం నిజమే. కాకపోతే దాన్ని దాటే దారి కూడా ఉంది. దూరవిద్యలో హాజరు లేకపోయినా అసైన్‌మెంట్లు ఉన్నాయి, పరీక్షలు ఉన్నాయి, ఫలితాలు ఉన్నాయి. ఇప్పుడు దూరవిద్యలో, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరే ప్రతి విద్యార్థీ డీఈబీ ఐడీ అనే నంబరు తీసుకోవాలి. 2024 నుంచి ఈ పద్ధతి వచ్చింది. దానికి ముందు ఏబీసీ ఐడీ ఉండాలి. అంటే ఎవరు ఎక్కడ చేరారో చూసుకునే వీలు ప్రభుత్వానికి ఇప్పుడు ఉంది. పరీక్ష రాసి పాసైన సంవత్సరానికి ఫీజు తిరిగి ఇస్తామంటే మోసానికి చోటు ఎక్కడ? మన సంఘాల్లో వాయిదా సక్రమంగా కట్టినవాళ్ళకే వడ్డీ రాయితీ వస్తుంది కదా. అదే సూత్రం ఇక్కడా పెట్టొచ్చు.

ఇంకో సంగతి. ఎస్సీ పిల్లల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మన దేశంలో 1944 నుంచి ఉన్న పథకం. 2010లో కేంద్రం దాని నిబంధనలు సవరించినప్పుడు కరస్పాండెన్సు కోర్సు చదివేవాళ్ళకి కూడా కోర్సు ఫీజు తిరిగి ఇవ్వాలని, పుస్తకాలకి ఏడాదికి 1,200 రూపాయలు ఇవ్వాలని రాసింది. అంటే ఇంటి దగ్గర చదివేవాళ్ళు కూడా విద్యార్థులే అని ప్రభుత్వం ఒకసారి కాగితం మీద ఒప్పుకుంది. మనం కొత్తగా గొంతెమ్మ కోరికేం కోరడం లేదు.

నష్టం ఎవరికి?

మన ఊళ్ళల్లో చూద్దాం. ఇంటరు పాసైన మగపిల్లాడు ఊరు దాటి హాస్టల్లో ఉండి చదువుతాడు, ఫీజు వస్తుంది. ఇంటరు పాసైన ఆడపిల్లకి పెళ్ళి చేస్తే ఆమె చదువుకోవాలంటే మిగిలింది ఇంటి దగ్గర చదువే. దానికి ఫీజు రాదు. అత్తగారిల్లు పెట్టదు, పుట్టిల్లు పెట్టలేదు. అలా చదువు ఆగిపోతుంది. సాయం నిజంగా కావలసిన చోటే చేరడం లేదు.

మనలోనూ ఉన్నారు. పదో తరగతితో ఆపేసి, నలభై ఏళ్ళు వచ్చాక ఓపెన్ స్కూల్లో ఇంటరు కట్టిన అక్కలున్నారు. ఓపెన్ స్కూలు మన రాష్ట్రంలో 1991 నుంచి ఉంది. ఇంటరు అయ్యాక వాళ్ళు డిగ్రీ చదవాలంటే ఏ కాలేజీ హాజరు పట్టీలో పేరు వేయించుకుంటారు? పిల్లల పక్కన కూర్చోమంటారా? చదువుకి వయసు లేదని సభల్లో అంటారు. సాయానికి మాత్రం ఉందనిపిస్తోంది.

పెద్దవాళ్ళకి తెలిసిన కథ ఒకటి గుర్తు చేస్తాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులు రాత్రిపూట, మన వీధుల్లో, మనం పని ముగించుకున్నాక పెట్టారు. దూబగుంటలో రోశమ్మలాంటి ఆడవాళ్ళు ఆ పాఠాల దగ్గర కూర్చునే సారా గురించి మాట్లాడుకున్నారు. ఊళ్ళో సారా కొట్టు మూయించారు. అది జిల్లా దాటింది, రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. నిషేధం తర్వాత ఎత్తేశారు, అది వేరే మాట. ఆ ఉద్యమం వెంటే నెల్లూరులో పొదుపు సంఘాలు లేచాయి. మన సంఘాల వేరు అక్కడుంది. చదువు మన వేళకి, మన గుమ్మం దగ్గరకి వస్తే ఆడవాళ్ళు ఏం చేయగలరో ఆ జిల్లా చూపించింది. అందుకే ఇంటి దగ్గర చదివే చదువుని తక్కువ చేసి మాట్లాడటం మనకి తగదు.

ఇప్పుడు దొరికే సాయం

ప్రభుత్వం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. ఇప్పుడున్న దారులు ఇవి.

ఇగ్నోలో బి.ఏ., బి.కాం.లాంటి కొన్ని కోర్సులకి ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి ఫీజు మినహాయింపు ఉంది. ఒక విడతలో ఒక్క కోర్సుకే ఇస్తారు. కులధ్రువీకరణ పత్రం అప్లికేషనుతోనే పెట్టాలి. పరీక్ష ఫీజు మాత్రం మనమే కట్టుకోవాలి. జూలైలో ఒకసారి, జనవరిలో ఒకసారి అడ్మిషన్లు ఉంటాయి. ఏ కోర్సుకి మినహాయింపు ఉందో ఆ విడత ప్రకటన చూసి దరఖాస్తు చేయాలి. మన రాష్ట్రంలో విజయవాడలో, విశాఖపట్నంలో దీని ప్రాంతీయ కేంద్రాలున్నాయి.

మిగతా కులాల పిల్లలకి ఆ మినహాయింపు లేదు. వాళ్ళకి మొదటి మాట ఇది: ప్రైవేటు పేర్లకి పోకుండా ముందు ప్రభుత్వ యూనివర్సిటీల దూరవిద్య ఫీజు ఎంతో కనుక్కోండి. అదే పట్టా, అదే విలువ.

మనం కథ చెప్పిన ఆ అమ్మాయి ఈ దారే పట్టింది. సర్టిఫికెట్లు చేతికి వచ్చిన ఏడాదే జూలై విడతలో ఫీజు మినహాయింపుతో బి.ఏ.లో చేరింది. మొదటి సంవత్సరం పరీక్షలు రాసింది. పరీక్ష కేంద్రం జిల్లా కేంద్రంలో. పొద్దున బస్సుకి వెళితే సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. ఆ రోజుల్లో బిడ్డని చూసుకోవడానికి సంఘంలో నలుగురు వంతులు వేసుకున్నారు. ఒక సబ్జెక్టు తప్పింది, మళ్ళీ కడుతోంది. భర్త మొదట ఇష్టపడలేదు, ఇప్పుడు బస్సెక్కించి వస్తున్నాడు. మేము చేసిన నష్టం దీంతో తీరిపోయిందని అనుకోవడం లేదు. ఆమెకి ఒక ఏడాది పోయింది, తల్లికి ఇరవై నెలల కష్టం పోయింది.

అడగవలసిన ఆరు ప్రశ్నలు

ఇకమీదట చదువు అప్పు అడిగిన ప్రతి సభ్యురాలినీ ఈ ఆరు ప్రశ్నలు అడుగుదాం. అవమానించడానికి కాదు, కాపాడటానికి. వీఓఏ అక్కలు ఇవి మినిట్స్ పుస్తకం అట్టలోపల అంటించుకోండి.

ఒకటి. ఇది రెగ్యులరా, దూరవిద్యా, ఆన్‌లైనా? ఈ మూడూ వేరు. అప్లికేషన్‌లో ఏమని ఉందో కళ్ళతో చూడాలి.

రెండు. ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకి, ఆ సంవత్సరానికి యూజీసీ అనుమతి ఉందా? యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో జాబితా ఉంటుంది. యూనివర్సిటీ పేరు పెద్దదైతే సరిపోదు, కోర్సు పేరు కూడా జాబితాలో ఉండాలి.

మూడు. దూరం నుంచి చెప్పకూడని కోర్సా? ఇంజినీరింగు, నర్సింగు, ఫార్మసీ, లా, వ్యవసాయ డిగ్రీలు దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి యూజీసీ ఒప్పుకోదు. "ఇంట్లో కూర్చుని నర్సింగు" అని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి.

నాలుగు. డబ్బు ఎవరి ఖాతాకి పోతోంది? యూనివర్సిటీ వెబ్‌సైటులో, యూనివర్సిటీ ఖాతాకే కట్టాలి. రసీదు మీద యూనివర్సిటీ పేరుండాలి. ఫ్రాంచైజీ పెట్టుకుని దూరవిద్య నడపడాన్ని యూజీసీ నిబంధనలు అనుమతించవు. కాబట్టి మధ్యలో ఆఫీసుకి డబ్బు కట్టవలసిన అవసరమే లేదు.

ఐదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగారా? చూపించాలి, తిరిగి తెచ్చుకోవాలి. ఒరిజినల్స్ కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఏబీసీ ఐడీ, డీఈబీ ఐడీ పిల్ల తన సొంత ఫోన్లో తానే చేసుకోవాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. బ్యాంకు ఓటీపీ విషయంలో ఎంత జాగ్రత్తో ఇక్కడా అంతే.

ఆరు. ఫీజు రీయింబర్స్ రాకపోయినా ఈ అప్పు ఎలా తీరుస్తారు? ఈ ప్రశ్నకి జవాబు ఉంటేనే అప్పు రాయాలి. పాల డబ్బా, కుట్టుమిషనా, కూలా, ఏదో ఒకటి కాగితం మీద ఉండాలి. ఏడాది ఫీజు అంతా ఒకేసారి కాకుండా, పిల్ల చదువుతున్న కొద్దీ విడత విడతకి ఇవ్వడం మేలు.

తీర్మానం

ఇప్పుడు తీర్మానం చదువుతాం. ఇందులో రెండు భాగాలున్నాయి.

మొదటిది మన చేతిలో ఉన్నది. ప్రతి గ్రామ సంఘంలో ఇంటరు చదివిన ఒక సభ్యురాలిని, లేకపోతే సభ్యురాలి కూతురిని, చదువు మిత్రగా పెట్టుకుందాం. అప్పు రాసే ముందు ఆరు ప్రశ్నలూ ఆమె చూసి సంతకం చేయాలి. దూరవిద్య చదివే సభ్యులకి, వాళ్ళ కూతుళ్ళకి, కోడళ్ళకి అంతర్గత అప్పులో మొదటి వరస ఇవ్వాలి. కోడళ్ళు అని గట్టిగా అంటున్నాం. కూతురి చదువుకి అప్పు తెచ్చే చెయ్యి కోడలి చదువుకి కూడా లేవాలి. పరీక్షల రోజుల్లో బిడ్డల్ని చూసుకునే వంతుల పద్ధతి ఆ ఒక్క సంఘానిదే కాకుండా అన్ని సంఘాలదీ కావాలి.

రెండోది ప్రభుత్వాన్ని అడిగేది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో, యూజీసీ అనుమతి ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు చదివే పేదింటి ఆడవాళ్ళకి, వయసు పట్టింపు లేకుండా, పాసైన సంవత్సరానికి కట్టిన ఫీజు తిరిగి ఇవ్వాలి. హాజరుకి బదులు పరీక్షా ఫలితం చూడాలి. డబ్బు చదివే మనిషి ఖాతాలోనే వేయాలి. ఈ మాట జిల్లా సమాఖ్యకి పంపుదాం. జిల్లా సమాఖ్య కలెక్టరు గారికి, సెర్ప్‌కి, సాంఘిక సంక్షేమ శాఖకి, బీసీ సంక్షేమ శాఖకి పంపాలని కోరుదాం. ఒక్క మండలం అడిగితే అర్జీ. అన్ని మండలాలూ అడిగితే అప్పుడు జీవో వస్తుంది. అప్పుకి వడ్డీ రాయితీ అయినా, బ్యాంకు లింకేజీ అయినా మనం అడగగా అడగగా వచ్చినవే.

మన సంఘాలకి పంచసూత్రాలున్నాయి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పు, సక్రమ చెల్లింపు, సరైన పుస్తకాల నిర్వహణ. ఇవన్నీ మనం ఒకప్పుడు వేలిముద్ర వేస్తూ నేర్చుకున్నవే. ఆ వేలిముద్ర సంతకంగా మారడానికి మనలో ఒక్కొక్కరికి ఎన్ని రాత్రులు పట్టిందో మనకి తెలుసు. సంతకం దగ్గరే ఆగమని మన పిల్లలకి చెప్పలేం కదా.

ఆ అక్క ముందు వరసలో కూర్చుని ఉంది. అక్కా, ఆ రోజు అడగని ప్రశ్న ఇకనుంచి ప్రతి మీటింగులో అడుగుతాం. ఇది మేము అందరి ముందు ఇస్తున్న మాట.

తీర్మానం మీద మాట్లాడదలచినవాళ్ళు లేవండి. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి.